పచ్చికుండ మీద సక్కుబాయి

హుస్సేనీ ఆలంలో ఒక ఇరుకు గల్లీ చివర ముత్యాలమ్మ గుడి ఉంది. నలుగురు లోపలికి వెళితే ఐదో మనిషి బయటే నిలబడి దండం పెట్టుకోవాలి, అంత చిన్నది. అయినా ఆషాఢం వచ్చిందంటే ఆ గల్లీ రూపే మారిపోతుంది. గోడలకు కొత్త సున్నం, గుమ్మాలకు వేపమండలు, ఈ డాబా మీంచి ఆ డాబా మీదికి రంగుకాగితాల తోరణాలు. బోనాల మర్నాడు పొద్దున రంగం చెబుతారు. కాల్చని పచ్చికుండను మట్టిలో కుదురుగా నిలబెట్టి, దాని మీద ఒక ఆడమనిషి నిలుచుని, ఆ ఏడాది ఎలా ఉండబోతోందో అమ్మవారి మాటగా చెబుతుంది. వానలు, రోగాలు, పిల్లాజెల్లా, అన్నీ. ఆ గల్లీలో కుండ ఎక్కే మనిషి సక్కుబాయి.

మిగతా ఏడాదంతా సక్కుబాయిని ఎవరూ పనిగట్టుకుని చూడరు. ఆమెది బల్దియాలో, అంటే మున్సిపాలిటీలో, వీధులు ఊడ్చే పని. తెల్లారకముందే పొడుగు చీపురు పట్టుకుని చార్మినార్ దగ్గరికి పోతుంది. లాడ్ బజార్ మొగదల నుంచి ఊడ్చుకుంటూ వస్తుంది. పగిలిన గాజుముక్కలు, జరీ దారాలు, మల్లెపూల రెక్కలు ఆమె చీపురు ముందు చిన్న అలలా కదులుతాయి. పెళ్లయిన రెండేళ్లకే మొగుడు పోతే పుట్టింటికి వచ్చింది. అప్పటిదాకా కుండ ఎక్కుతూ వచ్చిన ముసలి మేనత్త ఆ ఏడే కాలం చేసింది. ఆ ఇంటి ఆడపిల్లే కుండ ఎక్కాలన్నది గల్లీ ఆనవాయితీ. అట్లా ఆ కుండ సక్కుబాయి కాళ్ల కిందికి వచ్చింది.

చెత్తబండి వస్తుంటే ముక్కు మూసుకుని పక్కకు జరిగే వాళ్లే ఆ ఒక్క పొద్దున వంగి ఆమె పాదాలు ముట్టుకుంటారు. ఆ పొద్దు లేకపోతే మిగతా ఏడాదిని ఏ కొయ్యకు తగిలించుకోవాలో ఆమెకు తెలియదు.

నిరుడు ఆ కుండ చిట్లింది.

పెద్ద చప్పుడేమీ కాలేదు. ఎండిన పెదవి పగిలినట్టు ఒక గీత పడింది, అంతే. గుడి పెద్ద దుర్గయ్య, ఆమెకు మేనమామ, చెయ్యందించి కిందికి దించాడు. కుండ చేసిన అంజన్న అక్కడే నిలబడి, "వారమంత ముసురే ఉండె. మట్టి సరిగ్గ ఆరలే. తప్పు కుండది, మనిషిది కాదు" అన్నాడు. వానలో కుమ్మరి మాట ఎవరు వింటారు? మరుసటి రోజు నుంచి నల్లా దగ్గర ఆడవాళ్లు మొదలుపెట్టారు.

"అమ్మ ఓర్సుకున్నది గని కుండ ఓర్సుకోలేదే."

"కుండనేం జేస్తది పాపం, ఎక్కే మనిషి గట్ల పెరిగినంక. వచ్చేడు సిమెంటు కుండ పోయిస్తరట."

సక్కుబాయి బిందె నింపుకుని, విననట్టే వచ్చేసింది. గర్భసంచి తీయించుకున్నప్పటి నుంచి ఒళ్లు వచ్చిన మాట నిజమే. తినేది పెరగలేదు. మనిషి మాత్రం పెరిగింది. దుర్గయ్య మంచివాడే, కానీ గుడి పెద్ద. "సక్కూ, మల్ల గిట్లయితే ఊరు ఊకోదు. వేరే మనిషిని జూసుకోవాలంటరు. నేనెంతని అడ్డం పడాలె" అన్నాడు.

ఆ మాట ఆమె కడుపులో ఏడాదంతా నానింది.

గల్లీ మొదట్లో రాధాబాయి చీరలకు ఫాల్ కుట్టే దుకాణం ఉంది. ఉగాది పోయాక ఒకరోజు సక్కుబాయి చీర ఇవ్వడానికి వెళితే, కుట్టుమిషన్ వెనక సన్నబడ్డ రాధాబాయి కనిపించింది. జాకెట్టు భుజాల మీంచి జారుతోంది.

"ఏందక్కా, పానం బాగలేదా?"

"పానం మస్తున్నదే. గోలీలు ఏసుకుంటున్న. బేగంబజార్ల మనకు తెలిసినాయన తెప్పిస్తడు, బంబై మాల్. దేశీ దవా, అన్ని జడీబూటీలే. ఆకలి కాదు, ఏం కాదు. కొవ్వు దానంతట అదే పోతది."

"డాక్టర్ను అడగొద్దా?"

"ఆకులు అలమలకు డాక్టరెందుకే? ఆయన దగ్గరికి పోతే రొట్టె తినుమంటడు, నడువుమంటడు. నువ్వు తెల్లారిలేస్తే నడిచేదే గదా, ఏమన్న తగ్గినవా?"

ఆ మాట నిజమే అనిపించింది. రాధాబాయి మిషన్ సొరుగులోంచి తీసి ఇచ్చిన కవరు మీద పేరు లేదు, రాత లేదు. లోపల ఆకుపచ్చ, తెలుపు గొట్టాల మాత్రలు. సక్కుబాయి వాటిని ఇంటికి తెచ్చి పసుపుడబ్బా పక్కన ఖాళీ హార్లిక్స్ సీసాలో పోసింది. మొదటి మాత్ర వేసుకునే ముందు గుడివైపు తిరిగి కళ్లు మూసుకుంది.

తరువాతి రోజులు నీళ్లలో నడిచినట్టు గడిచాయి.

మొదట ఆకలి పోయింది. ఆటో నడిపే తమ్ముడు బబ్లూ, మరదలు, వాళ్ల బిడ్డ సోనీ కంచాల ముందు కూర్చుంటే, అన్నం ఆమెకు దూరం ఊళ్లో వస్తువులా కనిపించేది. తరువాత నిద్ర పోయింది. చూరు కింద పడుకుని, తన గుండె తనకు చాలా ముందు పరుగెత్తుకుపోతుంటే వెనక నుంచి చూస్తున్నట్టు వింటూ ఉండేది. పొద్దున చీపురు పట్టుకుని వీధిలోకి దిగితే నేల మెత్తగా అనిపించేది. దీపాలు ఆరిపోయే ఆ వేళ చార్మినార్ మబ్బుగా, తేలికగా ఉండేది. నాలుగు మినార్లూ దారాలు కట్టిన గాలిపటాల్లా, ఎవరో కొంచెం సడలిస్తే పైకి పోయేటట్టు. పావురాలు ఒక్కసారిగా లేస్తే ఆ రెక్కల చప్పుడు ఆమె ఛాతీలోనే పుట్టినట్టుండేది. తాను ఊడుస్తోందా, రోడ్డే కదిలి తన చీపురు కిందికి వస్తోందా అని ఒక్కోసారి నిలబడి చూసేది. గాజుముక్కల మీద తొలి ఎండ పడి ఎరుపూ ఆకుపచ్చా చుక్కలు లేచేవి. ఆ చుక్కలు ఆమె కళ్లు మూసుకున్నా పోయేవి కావు.

అద్దంలో మొహం మటుకు సన్నబడింది. రవికెలు వదులయ్యాయి. చేతివేళ్లు మాత్రం ఒక్కోసారి చీపురు కర్ర చుట్టూ ముడుచుకుపోయి విడిపడేవి కావు. ఇంకో చేత్తో ఒక్కొక్కటే తీసుకోవలసి వచ్చేది. నాలుక అట్టలా ఎండేది. మెట్లెక్కితే కళ్లముందు నల్లటి తెర జారేది.

గల్లీ ఆమెను చూసింది. చూసి, తనకు తెలిసిన మాటే అనుకుంది.

"సక్కక్క అన్నం ముడుతలేదట. నిష్ఠల ఉన్నది."

"కండ్లు జూసినవా, ఎట్ల మెరుస్తున్నయో. అమ్మ ముందుగాల్నే వచ్చి కూసున్నది."

నల్లా దగ్గర ఆమెకు దారి వదలడం మొదలుపెట్టారు. సిమెంటు కుండ అన్న మనిషే వచ్చి బిడ్డకు పెళ్లి సంబంధం కుదురుతుందా అని అడిగింది. సక్కుబాయికి అప్పుడు తల తిరిగి గోడ పట్టుకుంది, పెదవులు వణికాయి. ఆ వణుకే జవాబు అనుకుని ఆవిడ కళ్లు తుడుచుకుంటూ పోయింది. దుర్గయ్య కూడా మెత్తబడ్డాడు. "ఈయేడు కుండకు ఫికర్ లేదు" అన్నాడు.

ఇది నిజంగా అమ్మ రావడమేనా అని సక్కుబాయి ఒకసారి తనలో తాను అడుక్కుంది. ఇన్నేళ్లు కుండ ఎక్కిన మనిషి, ఆమెకు తెలియదా? లోపలి నుంచి జవాబు వచ్చింది. ఆమె దానికి చెవి పెట్టలేదు. నలుగురూ వంగి మొక్కుతుంటే, కాదు అని చెప్పడానికి నోరెలా వస్తుంది? మళ్లీ సీసా మూత తీసింది.

ఇదంతా పక్కనే ఉండి చూస్తున్న మనిషి ఒకరున్నారు. బబ్లూ కూతురు సోనీ. పదో తరగతితో చదువు ఆగిపోయి, లాడ్ బజార్‌లో గాజుల దుకాణంలో పనికి కుదిరింది. మాట తక్కువ పిల్ల. వచ్చిన ఆడవాళ్ల చెయ్యి పట్టుకోగానే కొలత చెప్పేస్తుంది: రెండు నాలుగు, రెండు ఆరు. తన చేతికి మాత్రం రెండు పది పట్టదు. దుకాణం సేఠ్ నవ్వుతూ, "సోనీ బేటా, నీకు గాజులు కాదు, మోటారు టైర్లు తెప్పియ్యాలె" అనేవాడు. అందరూ నవ్వేవారు. సోనీ కూడా నవ్వి, గాజులు డబ్బాలో సర్దుకునేది. అత్త తరువాత కుండ ఎక్కవలసింది తనే అని ఆ పిల్లకు ఊహ తెలిసినప్పటి నుంచి తెలుసు.

ఈ మధ్య సోనీ కూడా అన్నం కెలికి లేస్తోందని మరదలు అంది. "వయసు పిల్ల, గంతే" అన్నాడు బబ్లూ. సక్కుబాయి విన్నది కానీ ఆ రోజుల్లో ఆమెకు ఏ మాటా లోపలి దాకా దిగేది కాదు. నీళ్లలో పడ్డ నాణెంలా మెల్లగా, వంకరగా కిందికి పోయేది.

బోనాల ముందు అమ్మవారి ఘటం ఊరేగింపు. సాయంత్రం గల్లీ నిండా జనం. తీన్‌మార్ డప్పులు, గుగ్గిలం పొగ, ఆ పొగలో పసుపు రాసుకున్న మొహాలు. వాన రాబోయే ముందటి పచ్చని వెలుతురు అన్నింటి మీదా పలచగా పరుచుకుంది. సక్కుబాయికి అంతా ఎవరికో వచ్చిన కలలో తాను నిలబడినట్టుంది. డప్పుల దెబ్బకూ తన గుండె దెబ్బకూ మధ్య తేడా ఎక్కడుందో వెతుకుతోంది. ఆమె ముందు పసుపునీళ్ల చెంబు పట్టుకుని సోనీ నడుస్తోంది.

చెంబు ముందు పడింది. తరువాత సోనీ పడింది.

మోకాళ్ల మీదికి జారి, వెనక్కి విరుచుకుని, ఒళ్లంతా వణుకుతోంది. జడ విడిపోయింది. కళ్లు పైకి తేలాయి. క్షణం సేపు డప్పులు తడబడ్డాయి, ఆ వెంటనే రెట్టింపు జోరు అందుకున్నాయి.

"అమ్మొచ్చింది. పిల్ల మీదికి అమ్మొచ్చింది."

"నీళ్లు తేండ్రి, వేపమండలు తేండ్రి."

ఎవరో బిందెడు పసుపునీళ్లు కుమ్మరించారు. ఎవరో వేపకొమ్మతో మొహం మీద కొట్టారు. దుర్గయ్య కర్పూరం వెలిగించి ముందుకు వంగాడు. "తల్లీ, ఏం తక్వ జేసినం? ఏం గావాలె నీకు, చెప్పు" అని అడుగుతున్నాడు. జనం చేతులు జోడించి దగ్గరికి ఒరుగుతున్నారు. సోనీ పెదవులు కదిలాయి, మాట రాలేదు. "చెప్తది, ఆగుండ్రి, చెప్తది" అని ఒకావిడ అందరినీ ఆపుతోంది.

సక్కుబాయి సోనీ మొహాన్ని చూడలేదు. చేతులను చూసింది. వేళ్లు ముడుచుకుపోయి, బొటనవేలు అరచేతిలోకి విరిగినట్టు వంగి ఉంది. రోజూ పొద్దున చీపురు కర్ర మీద తన వేళ్లు అట్లాగే ఉంటాయి.

ఆమె కూర్చుని పిల్ల తల ఒళ్లోకి తీసుకుంది. ఛాతీ మీద చెయ్యి పెట్టింది. లోపల ఏదో పక్షి, గూడు తలుపు దొరక్క అన్ని వైపులా కొట్టుకుంటోంది. ఒకటి కొట్టుకుని, ఆగి, మళ్లీ నాలుగు కలిపి కొట్టుకుంటోంది. సోనీ ఆమె చెవి దగ్గర ఊపిరితో అంది. "అత్తా, నీ సీసల గోలీలే. నీలెక్క అయితనని ఏసుకున్న."

"బంద్ చెయ్యుండ్రి డప్పులు" అంది సక్కుబాయి.

ఎవరికీ వినపడలేదు. ఆమె లేచి డప్పు మీద చెయ్యి పెట్టి ఆపింది. ఒక్కొక్కటీ ఆగింది.

"ఇది అమ్మ కాదు. గోలీ. దవాఖానకు తీస్కపోవాలె. బబ్లూ, ఆటో తియ్యి."

"నోరు మూస్కో సక్కూ" అన్నాడు దుర్గయ్య. "వచ్చిన అమ్మను కాదంటవా? నీకు దెల్వదా?"

"నాకు దెల్సు గన్కనే చెప్తున్న మామా. పోరి నా గోలీలు మింగింది. సన్నగైతందుకు రాధక్క దగ్గర దెచ్చుకున్నయి."

"మరి మొన్నటిసంది నీ మీదికి వచ్చింది ఏంది?"

గల్లీ అంతా ఆమె మొహం చూస్తోంది. సంబంధం గురించి అడిగిన ఆవిడ చూస్తోంది. ఈ మాట తరువాత ఎవరూ తన పాదాలు ముట్టరని సక్కుబాయికి తెలుసు. బహుశా ఈ ఏడాదే కాదు, ఇంకెప్పుడూ.

"అది సుత గోలీనే" అంది.

ఆటో దాకా సోనీని ఇద్దరు ఎత్తుకుని పోయారు. సక్కుబాయి వెనకాలే పరుగెత్తి ఎక్కింది. ఎక్కేముందు ఏమనుకుందో, ఇంట్లోకి పోయి ఆ సీసా కొంగులో చుట్టి తెచ్చుకుంది. దుర్గయ్య తలపాగా విప్పి చేత్తో పట్టుకుని, బబ్లూ పక్కన కూర్చున్నాడు.

పెద్ద దవాఖానలో డ్యూటీలో ఉన్న డాక్టరు పేరు వాగ్దేవి. పసుపు ముద్దలా ఉన్న పిల్లను చూసి ఏమీ అడగకుండానే తీగలు అంటించింది. తరువాత సీసా తీసుకుని, ఒక మాత్ర విప్పి తెల్ల కాగితం మీద పోసింది. పసుపు రంగు పొడి. వేలితో కదిపి చూసి వదిలేసింది.

"ఇందులో ఏముందో నేను చెప్పలేనమ్మా. మీద పేరు లేదు, చేసినవాడి అడ్రసు లేదు. మూలికలని అమ్మేవాటిలో ఆకలి చంపే మందు కలిపి పట్టుబడ్డవాళ్లున్నారు. గుండెకు ప్రమాదమని ఆ మందును దేశంలో ఎప్పుడో ఆపేశారు. కొందరు ఒంట్లో నీళ్లు లాగేసేది కలుపుతారు. నీళ్లతోపాటు ఉప్పులు పోతాయి. ఆ ఉప్పులు లేకపోతే గుండె లయ తప్పుతుంది, వేళ్లు ఇలా ముడుచుకుంటాయి. ఈ పిల్లకు అవి బాగా పడిపోయాయి. ఇంకాస్త ఆలస్యమైతే..." అని ఆపి, సక్కుబాయి చెయ్యి పట్టుకుని నాడి చూసింది. చూస్తూ ఉండిపోయింది. "మీరు కూడా పడుకోండి. ఆ మంచం మీద."

"నాకేం లేదమ్మా."

"ఉంది. పడుకోండి."

మేనత్తా మేనకోడలూ పక్కపక్క మంచాల మీద, సూదుల్లోంచి చుక్క చుక్కగా దిగే నీళ్ల కింద పడుకున్నారు. ఆ రోజుల్లోనే డాక్టరు ఇంకో మాట చెప్పింది. "బరువు పెరిగితే ముందు ఎందుకు పెరిగిందో చూడాలి. మీకు థైరాయిడ్ పరీక్ష రాస్తున్నాను. తగ్గడానికి మందులు లేకపోలేదు. కానీ అవి ఎవరికి ఇవ్వొచ్చో, ఎంత ఇవ్వాలో చూసి, ఇచ్చాక కూడా గుండె, రక్తం చూస్తూ ఉండాలి. కుట్టుమిషన్ సొరుగులోంచి ఇచ్చేవి కావు." సక్కుబాయి తల ఊపింది. కుండ సంగతి అడగాలనుకుంది. అడగకముందే డాక్టరు, "కొన్నాళ్లు ఎత్తులు ఎక్కడం, ఉపవాసాలు, ఏమీ వద్దు" అంది.

వార్డు కిటికీలోంచి వానలో తడిసిన ఊరు కనిపిస్తుంది. రంగం నాటి పొద్దున దూరంగా ఎక్కడో డప్పులు వినిపించాయి. ఏ గల్లీవో తెలియదు. మధ్యాహ్నం దుర్గయ్య వచ్చాడు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"కుండ పెట్టినం. ఎవ్వరు ఎక్కలే. జనం జరసేపు నిలబడి ఇండ్లకు పోయిండ్రు."

"ఏమన్నరు మామా?"

"ఏమంటరు, తలా ఒకటి. సక్కు అమ్మ పేరు జెప్పి మోసం జేసిందన్నోళ్లున్నరు. అబద్ధమెందుకు. రాధాబాయి కింద ఓపీ లైన్ల నిలబడ్డది. ఇంకా ముగ్గురు ఆడోళ్లున్నరు ఎంబడి. నన్ను జూసి మొకం తిప్పుకున్నరు. గింతమంది తింటున్నరని నాకేమెరుక?"

ఆయన లేచి సోనీ నుదురు మీద చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి కొంచెం ఎక్కువసేపే ఉంది. "నేను దాని మీద నీళ్లు బోసి ప్రశ్నలడిగిన సక్కూ. సచ్చిపోతున్న పోరిని" అని, ఇక అక్కడ నిలబడలేక బయటికి వెళ్లిపోయాడు.

సాయంత్రం వాన సన్నబడింది. వార్డులో దీపాలు ఇంకా వెయ్యలేదు. గోడలూ మంచాలూ అన్నీ ఒకే బూడిద రంగులో మెల్లగా కరిగిపోతున్నాయి. సోనీ మంచం పక్కనున్న యంత్రం మీద ఆకుపచ్చ గీత ఎగిరిపడకుండా, ఒకే దూరంలో చిన్న చిన్న గుట్టలు వేసుకుంటూ పోతోంది. సోనీ చాలాసేపు దాన్నే చూసి ఇటు తిరిగింది.

"అత్తా, ఒకటి అడగాల్నా?"

"అడుగు బిడ్డా."

"నీ మీదికి అమ్మ ఎప్పుడన్న నిజంగ వచ్చిందా?"

ఇన్నేళ్లలో ఈ మాట ఎవరూ అడగలేదు. సక్కుబాయి కిటికీ వైపు చూసింది.

"రెండు మూడుసార్లు వచ్చింది. అన్నిసార్లు రాలే. రానినాడు నేనే ఏదో నాలుగు ముక్కలు చెప్పి దిగేదాన్ని."

"వస్తె ఎట్లుంటది?"

"ఏం జెప్పాలె. గుండె కొట్టుకునుడు ఇనపడది. డప్పులు ఇనపడయి. గంత జనంల నువ్వొక్కదానివే తలుపులేసిన ఏదో సల్లటి అర్రల కూసున్నట్టు నిమ్మలంగ ఉంటది. ఎంత బరువున్నవో, అసలు ఉన్నవో లేవో యాదికి రాదు."

సోనీ ఆలోచించింది. "నాకు గట్ల కాలే. నాకు మస్తు భయమైంది."

"నాకు సుత" అంది సక్కుబాయి.

ఆమె సూది ఉన్న చేతిని జాగ్రత్తగా చాపి పిల్ల చేతిని అందుకుంది. సోనీ వేళ్లు ఇప్పుడు వాటంతట అవే విచ్చుకున్నాయి. ఆ మణికట్టు లోపల నాడి సమంగా, తొందర లేకుండా నడుస్తోంది. బయట ఎవరో వరండా ఊడుస్తున్న చప్పుడు దగ్గరికి వచ్చి, తలుపు దాటి, ముందుకు సాగిపోయింది.